ఒక్క సంతకం, అరవై ఏడు చేతులు

ఎమర్జెన్సీల కథ – ఆరో భాగం

1973లో అమెరికన్ సెనేట్ ఒక సంఘాన్ని పనిలో పెట్టింది. దాని పేరు "జాతీయ అత్యవసర పరిస్థితిని ముగించే ప్రత్యేక సంఘం". ఆ పేరులోని ఏకవచనం చూడండి. ముగించాల్సింది ఒక్కటే అనుకున్నారు: 1950 డిసెంబర్‌లో కొరియా యుద్ధం కోసం ట్రూమన్ ప్రకటించినది. పోయిన భాగంలో మనం చూసిన, ట్రూమన్ ఉక్కు మిల్లుల్ని ప్రభుత్వ స్వాధీనం చేసుకున్న సంగతి ఆ రోజుల్లోదే. సుప్రీంకోర్టు 1952లో మిల్లుల్ని యజమానులకు వెనక్కిప్పించింది గానీ ఎమర్జెన్సీ జోలికి ఎవరూ పోలేదు. యుద్ధం ఆగి ఇరవై ఏళ్లు గడిచాయి. ఆ యుద్ధానికి వెళ్లొచ్చిన కుర్రాళ్లు నడివయసుకొచ్చారు. కాగితం మాత్రం చెక్కుచెదరకుండా అలాగే ఉంది.

సంఘానికి ఇద్దరు అధ్యక్షులు. ఇడాహో డెమొక్రాట్ ఫ్రాంక్ చర్చ్ ఒకడు, మేరీలాండ్ రిపబ్లికన్ చార్లెస్ మథయస్ రెండోవాడు. తవ్వడం మొదలుపెడితే ఒకటి కాదు, నాలుగు ఎమర్జెన్సీలు బయటపడ్డాయి. 1933లో బ్యాంకులు మూతపడ్డప్పుడు రూజ్‌వెల్ట్ పెట్టింది, 1950 నాటి ట్రూమన్‌ది, 1970లో తపాలా సమ్మె జరిగితే నిక్సన్ పెట్టింది, 1971లో విదేశీ చెల్లింపుల లోటు చూపించి అదే నిక్సన్ పెట్టింది. అంటే తపాలా ఉద్యోగులు సమ్మె విరమించి ఉత్తరాలు పంచుతూ మూడేళ్లయినా కాగితం ప్రకారం ఆ సమ్మె ఇంకా దేశానికి ముప్పే. ఎమర్జెన్సీ ఉంటే అధ్యక్షుడికి దఖలుపడే అధికారాలు ఎన్నో చెప్పే జాబితా ఎవరి దగ్గరా లేదు. చట్టాల సంపుటాలన్నీ వెతికితే 470 తేలాయి. ఆస్తి స్వాధీనం చేసుకోవచ్చు, సైన్యాన్ని పిలవచ్చు, రవాణాను గుప్పిట్లో పెట్టుకోవచ్చు. ఒక్క సంతకం చాలు.

చర్చ్ సంఘం ఈ లెక్కలు కడుతుండగానే బయట పెట్రోలు బంకుల దగ్గర కార్లు బారులు తీరాయి. 1973 అక్టోబర్‌లో తమతో జరిగిన యుద్ధంలో ఇజ్రాయెల్ పక్షాన నిలిచినందుకు అరబ్బు దేశాలు అమెరికాకు చమురు ఆపేశాయి. పీపా ధర మూడు డాలర్ల దగ్గర నుంచి మూడు నెలల్లో దాదాపు పన్నెండు డాలర్లకు ఎగబాకింది. దేశమంతటా కార్ల వేగాన్ని గంటకు 55 మైళ్లకు కట్టేస్తూ చట్టం వచ్చింది.

అప్పుడు జరిగిన ఒక సంగతి చరిత్ర పుస్తకాల్లో ఒక మూల పడిపోయింది. ఇంధన ఎమర్జెన్సీ చట్టం ఒకటి కాంగ్రెస్సే తయారుచేసి, రేషన్ పెట్టుకునే అధికారంతో సహా నిక్సన్ బల్ల మీద పెట్టింది. ఆయన వద్దన్నాడు. అధికారం చేదై కాదు. దేశంలో తీసిన ముడిచమురు ధరను వెనక్కి తగ్గించాలన్న షరతు అందులో కలిపారు, అలా చేస్తే సరఫరా ఇంకా పడిపోతుందని ఆయన వాదన. 1974 మార్చి 6న వీటో చేశాడు. అప్పటికి వాటర్‌గేట్ ఊబిలో నడుములోతు దిగబడిన మనిషి. అయినా ఆయన్ని ఓడించడం సెనేట్ వల్ల కాలేదు. వీటోను కొట్టెయ్యాలంటే మూడింట రెండొంతులు కావాలి. ఓటేసిన 98 మందిలో 66 మంది అవసరమైతే చేతులెత్తింది 58 మంది. ఎనిమిది తక్కువ. పన్నెండు రోజుల తర్వాత అరబ్బు దేశాలే ఆంక్ష ఎత్తేశాయి.

ఆ మూడింట రెండొంతుల లెక్కను గుర్తు పెట్టుకోండి. ఈ కథలో అది మళ్లీ మళ్లీ అడ్డం పడుతుంది.

చర్చ్, మథయస్‌ల శ్రమకు ఫలంగా 1976 సెప్టెంబర్ 14న జాతీయ అత్యవసర పరిస్థితుల చట్టం మీద జెరాల్డ్ ఫోర్డ్ సంతకం చేశాడు. పాత నాలుగింటి అధికారాలూ రెండేళ్లలో చెల్లిపోయాయి. ఇకపై అధ్యక్షుడు ఎమర్జెన్సీ ప్రకటిస్తే ఏ చట్టం కింద ఏ అధికారం వాడుతున్నాడో రాసి చెప్పాలి. ఏటా పొడిగించకపోతే దానంతటది ముగుస్తుంది. ఆరు నెలలకోసారి రెండు సభలూ కూర్చుని దీన్ని ముగించాలా వద్దా అని ఆలోచించాలి. వీటన్నిటికన్నా ముఖ్యమైనది, రెండు సభలూ మామూలు మెజారిటీతో "చాలించు" అంటే చాలు, ఎమర్జెన్సీ అక్కడితో సరి. దీన్ని కాంకరెంట్ రిజల్యూషన్ అంటారు. అది అధ్యక్షుడి బల్ల దాకా వెళ్లదు, ఆయన సంతకంతో పనిలేదు, వీటోకు తావే లేదు. పెట్టే చెయ్యి ఒకటి, తీసే చెయ్యి మరొకటి.

ఈ చట్టం వచ్చిన తొలి చలికాలమే ఇంధనం మళ్లీ ముంచుకొచ్చింది. 1977 జనవరిలో తూర్పు రాష్ట్రాల్లో సహజవాయువు చాలక బడులూ కార్ఖానాలూ మూతపడ్డాయి. ఫిబ్రవరి 2న కార్టర్ అత్యవసర సహజవాయువు చట్టం మీద సంతకం చేసి, ఆ రాత్రే ఊలు స్వెటర్ తొడుక్కుని చలిమంట పక్కన కూర్చుని టీవీలో జనంతో మాట్లాడాడు. ఇళ్లలో హీటర్లు తగ్గించుకోమని చెప్పాడు. ఆ స్వెటర్ గురించి అందరూ రాశారు. నాకు మాత్రం ఆ చట్టంలోని తేదీ ఎక్కువ నచ్చుతుంది. ఉన్నచోటి నుంచి లేనిచోటికి వాయువును మళ్లించే అధికారం ఏప్రిల్ 30 దాకానే అని అందులోనే రాసిపెట్టారు. చలి పోతే అధికారమూ పోతుంది.

ఇక 1976 చట్టంలోని ఆ రెండో చెయ్యి ఎలా విరిగిందో చెప్పాలి. విరగ్గొట్టింది ఏ అధ్యక్షుడో కాదు. భారతీయ సంతతికి చెందిన ఒక విద్యార్థి, అదీ తెలియకుండానే.

జగదీశ్ రాయ్ చద్దా కెన్యాలో పుట్టాడు, చేతిలో ఉన్నది బ్రిటిష్ పాస్‌పోర్టు. 1966లో ఒహాయోలోని బౌలింగ్ గ్రీన్ విశ్వవిద్యాలయంలో చదువుకోవడానికి అమెరికా వచ్చాడు. 1972 జూన్‌లో వీసా గడువు తీరింది. వెళ్లాలంటే ఎక్కడికి వెళ్లాలి? కెన్యాకు స్వాతంత్ర్యం వచ్చాక అక్కడి పౌరుడు కాడు, బ్రిటన్ రమ్మనలేదు. 1974లో ఇమిగ్రేషన్ న్యాయాధికారి కనికరించి ఉండనిచ్చాడు. అయితే అలా ఉండనిచ్చినవాళ్ల పేర్లన్నీ కాంగ్రెస్‌కు వెళ్తాయి. ఏదో ఒక సభ కాదంటే ఆ కనికరం రద్దు. 1975 డిసెంబర్‌లో 340 పేర్లు వెళ్తే ప్రతినిధుల సభ ఆరింటిని పక్కకు తీసింది. చర్చ లేదు, ఓట్ల లెక్క లేదు. ఆ ఆరింటిలో చద్దా ఒకడు.

ఆయన కోర్టుకెక్కాడు. ఎనిమిదేళ్లు నడిచిన వ్యాజ్యంలో చివరికి మిగిలిన ప్రశ్న ఆయన వీసా గురించి కాదు. అధ్యక్షుడి ముందు పెట్టకుండా కాంగ్రెస్ తన తీర్మానంతోనే ప్రభుత్వ నిర్ణయాన్ని కొట్టెయ్యవచ్చా అన్నది. 1983 జూన్ 23న సుప్రీంకోర్టు 7–2 తేడాతో కుదరదని తేల్చింది. చట్టం చేసే శక్తి ఉన్న పనేదైనా రెండు సభలూ దాటి అధ్యక్షుడి సంతకానికి వెళ్లాల్సిందేనంది. తీర్పుతో విభేదించిన న్యాయమూర్తి బైరన్ వైట్ ఒక్క దెబ్బకు దాదాపు 200 చట్టాల్లోని ఇలాంటి నిబంధనలు కూలిపోతాయని హెచ్చరించాడు. వాటిలో 1976 ఎమర్జెన్సీ చట్టం కూడా ఉంది.

చద్దా అమెరికాలో ఉండిపోయాడు. న్యాయం జరిగింది, అందులో నాకు అనుమానం లేదు. కానీ ఒక మనిషిని దేశం నుంచి గెంటకుండా ఆపిన తీర్పే అధ్యక్షుడి ఎమర్జెన్సీని ఆపే చేతిని విరిచేసింది. 1985లో కాంగ్రెస్ చట్టాన్ని సవరించుకుంది. కాంకరెంట్ పోయి జాయింట్ రిజల్యూషన్ వచ్చింది. ఇది అధ్యక్షుడి దగ్గరకు వెళ్లాలి. తానే పెట్టిన ఎమర్జెన్సీని తీసెయ్యమంటూ వచ్చిన కాగితం మీద ఏ అధ్యక్షుడు సంతకం పెడతాడు? వీటో చేస్తాడు. అప్పుడు సెనేట్‌లో వందమందీ ఓటేస్తే 67 మంది, దిగువ సభలోనూ మూడింట రెండొంతులమంది కావాలి. సంతకం ఒక్కటి, చేతులు అరవై ఏడు.

మనవాళ్లు ఆ రోజుల్లోనే ఈ సమస్యను మరోలా విప్పారు. 1975–77 ఎమర్జెన్సీ అనుభవంతో 44వ సవరణ తెచ్చి, లోక్‌సభలో పదో వంతు సభ్యులు నోటీసు ఇస్తే పద్నాలుగు రోజుల్లో ప్రత్యేకంగా సమావేశం కావాలని, మామూలు మెజారిటీ వద్దంటే రాష్ట్రపతి ఎమర్జెన్సీ ఎత్తెయ్యాల్సిందేనని రాసుకున్నారు. పొడిగించాలంటేనే మూడింట రెండొంతుల బలం కావాలి. అమెరికాలో తీయడానికి కావాల్సిన బలం మన దగ్గర ఉంచడానికి కావాలి. ఆ సవరణకు 1979 ఏప్రిల్ 30న ఆమోదముద్ర వేసిన రాష్ట్రపతి మన నీలం సంజీవరెడ్డి.

1985 తర్వాత చాలా ఏళ్లు ఈ కొత్త లెక్కను పరీక్షించే అవసరం పెద్దగా రాలేదు. 2019లో వచ్చింది. మెక్సికో సరిహద్దు గోడకు కాంగ్రెస్ అడిగినన్ని డబ్బులివ్వలేదని ట్రంప్ ఎమర్జెన్సీ పెట్టి ఇతర పద్దుల నుంచి మళ్లించాడు. ముగించాలన్న తీర్మానం దిగువ సభలో 245–182తో, సెనేట్‌లో 59–41తో నెగ్గింది. సొంత పార్టీవాళ్లు పన్నెండుమంది ఆయనకు వ్యతిరేకంగా నిలిచారు. మరుసటి రోజే వీటో. దిగువ సభలో దాన్ని కొట్టెయ్యాలని చూస్తే 248–181 దగ్గర ఆగిపోయింది. 1976 నాటి చట్టం యథాతథంగా ఉంటే ఆ మార్చి నెలలోనే ఎమర్జెన్సీ ముగిసిపోయేది.

ఒక్కసారి మాత్రం పని జరిగింది. 2023లో కోవిడ్ ఎమర్జెన్సీని ముగించే తీర్మానం రెండు సభల్లోనూ నెగ్గితే బైడెన్ ఏప్రిల్ 10న సంతకం చేశాడు. ఎలాగూ ఇంకొక నెలలో తానే ఎత్తేస్తానని అంతకుముందే చెప్పినవాడు.

ఈ బైడెన్‌దీ ఒక ఇంధన ఎమర్జెన్సీ ఉంది. నేటి గోలలో దాన్ని ఎవరూ తలవరు గనక ఇక్కడ ఒక్క మాట. 2022 జూన్ 6న, చాలినంత విద్యుత్ ఉత్పత్తి సామర్థ్యం లేకపోవచ్చన్న ముప్పు ఉందంటూ 1930 నాటి సుంకాల చట్టం కింద ఎమర్జెన్సీ ప్రకటించాడు. దాన్ని ఆధారం చేసుకుని కంబోడియా, మలేసియా, థాయిలాండ్, వియత్నాంల నుంచి వచ్చే సోలార్ పలకల మీద కొత్త సుంకాలు పడకుండా రెండేళ్లు ఆపాడు. చైనా సరుకు ఈ దేశాల దారిన దొంగచాటుగా వస్తోందని గగ్గోలు లేచింది. 2023లో కాంగ్రెస్ మరో చట్టం దారిలో వెళ్లి ఆ సుంకాల మినహాయింపును రద్దు చేస్తూ తీర్మానించింది. సెనేట్‌లో 56–41. మే 16న బైడెన్ వీటో చేశాడు, అక్కడితో సరి. అప్పటి అధ్యక్షుడికి విద్యుత్ కొరత కనిపిస్తే మందు సూర్యుడు. మూడేళ్లు తిరగకుండానే తర్వాతి అధ్యక్షుడికీ అదే కొరత కనిపించింది, సూర్యుడు మాత్రం కనిపించలేదు.

2025 జనవరి 20. ప్రమాణస్వీకారం చేసిన రోజే ట్రంప్ జాతీయ ఇంధన ఎమర్జెన్సీ ఉత్తర్వు మీద సంతకం చేశాడు. అనుమతులు ఇచ్చే శాఖలన్నీ తమ దగ్గరున్న అత్యవసర అధికారాలు వెతికి వాడాలి. నీటివనరుల మీద కట్టడాలకు సైనిక ఇంజనీర్ల విభాగం దగ్గరిదారి చూపాలి. అంతరించిపోతున్న జీవుల చట్టం అడ్డొస్తే మినహాయింపులిచ్చే సంఘం కనీసం మూడు నెలలకోసారి కూర్చోవాలి. ఒక జీవజాతి ఉండాలా పోవాలా అన్నది తేల్చే సంఘం గనక అక్కడివాళ్లు దాన్ని వెటకారంగా "దేవుళ్ల దళం" అంటారు.

ఉత్తర్వు చివర ఇంధనం అంటే ఏమిటో నిర్వచనం ఉంది. ముడిచమురు, సహజవాయువు, శుద్ధిచేసిన పెట్రోలియం, యురేనియం, బొగ్గు, జీవ ఇంధనాలు, భూగర్భ ఉష్ణం, పారే నీటి కదలిక, కీలక ఖనిజాలు. నీటి కదలిక కూడా ఉంది. గాలి లేదు, ఎండ లేదు. ఇంట్లో తిండిగింజలు నిండుకున్నాయని ఊరంతా చాటింపు వేయించి, అటక మీది రెండు బస్తాలు లెక్కలోకి రావనడం లాంటిది ఇది.

ఇంతకీ నిండుకున్నాయా? 2024లో అమెరికా రోజుకు సగటున 1 కోటి 32 లక్షల పీపాల ముడిచమురు తీసింది. ప్రపంచంలో ఏ దేశమూ ఏ ఏడాదీ అంత తీయలేదు. ద్రవీకరించిన సహజవాయువు ఎగుమతుల్లోనూ మొదటి స్థానం దానిదే. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్నట్టుంది. ఉత్తర్వును సమర్థించినవాళ్ల మాటను మాత్రం పూర్తిగా తోసెయ్యలేం. చమురు సంగతి వేరు, కరెంటు సంగతి వేరు. దశాబ్దాలపాటు పెద్దగా పెరగని విద్యుత్ వాడకం డేటా సెంటర్ల వల్ల మళ్లీ పెరగడం మొదలైంది. కొత్త లైన్లు వెయ్యాలంటే అనుమతులకే ఏళ్లు పడుతున్నాయి. ఈ చిక్కు నిజమైనదే. కానీ కరెంటు చాలదన్నవాడు గాలిమరల్ని జాబితాలోంచి ఎందుకు తీసేశాడన్న ప్రశ్నకు జవాబు రాలేదు.

ఫిబ్రవరి తొలి రోజుల్లో ఇద్దరు సెనేటర్లు ముగింపు తీర్మానం పెట్టారు. వాళ్ల రాష్ట్రాలు చూడాలి. మార్టిన్ హైన్‌రిక్ న్యూ మెక్సికోవాడు. ముడిచమురు తీయడంలో టెక్సాస్ తర్వాత ఆ రాష్ట్రానిదే రెండో స్థానం. అంటే తవ్వకాలు పెరిగితే ఖజానా నిండే చోటు నుంచి వచ్చినవాడు. టిమ్ కేన్ వర్జీనియావాడు. ప్రపంచంలోకెల్లా డేటా సెంటర్లు గుమిగూడింది అక్కడి లౌడన్ కౌంటీలో. అందులోని ఆష్‌బర్న్ మనవాళ్లకు కొత్త ఊరేమీ కాదు, మన బంధువర్గంలో ఎవరో ఒకరికి అక్కడ ఇల్లుంటుంది. అదే వర్జీనియా తీరానికి 27 మైళ్ల దూరంలో సముద్రంలో అప్పటికి 176 గాలిమరలు నిలబెడుతున్నారు. కరెంటు ఆకలీ, ఆ ఆకలి తీర్చే గాలీ రెండూ కేన్ రాష్ట్రంలోనే ఉన్నాయి. ఉత్తర్వు ఆకలిని మాత్రమే గుర్తించింది. ఇది చమురు కంపెనీల కోసం ఆడిన బూటకమని ఇద్దరూ అన్నారు.

మైనారిటీలో ఉన్నవాళ్ల తీర్మానం సభ దాకా ఎలా వచ్చిందన్న సందేహం రావాలి. మామూలు బిల్లయితే మెజారిటీ నాయకుడు అల్మరాలో పెట్టి తాళం వేసేవాడు. 1976 చట్టం ఇక్కడ ఒక మేలు చేసింది. ముగింపు తీర్మానాన్ని సంఘం పదిహేను రోజుల్లో తేల్చాలి, ఆపై మూడు రోజుల్లో సభ ఓటెయ్యాలి. నెగ్గదని తెలిసినా ఓటు పడక తప్పదు. ప్రతి సభ్యుడూ పేరు పెట్టి అవునో కాదో చెప్పాలి. చర్చ్, మథయస్ కట్టిన ఇంట్లో కూలకుండా మిగిలిన గోడల్లో ఇదొకటి.

ఫిబ్రవరి 26, బుధవారం పేర్లు పిలిచారు. తీర్మానానికి అనుకూలం 47, వ్యతిరేకం 52. డెమొక్రాట్లూ వాళ్లతో కలిసి నడిచే స్వతంత్రులూ ఒక వైపు, రిపబ్లికన్లంతా మరో వైపు. గీత దాటినవాడు ఒక్కడూ లేడు. ఆరేళ్ల కిందట గోడ విషయంలో పన్నెండుమంది దాటారు. అక్కడ వాళ్లను కదిలించింది కాంగ్రెస్ చేతిలోని ఖజానా. ఇక్కడ చమురూ బొగ్గూ వాళ్ల రాష్ట్రాల జీవనాధారం. నెగ్గి ఉంటే ఏమయ్యేదన్న లెక్క పెద్ద కష్టం కాదు. దిగువ సభ కూడా అప్పుడు రిపబ్లికన్ల చేతిలోనే ఉంది. అదీ దాటితే వీటో, ఆపైన అరవై ఏడు.

దిగువ సభ మరో చమత్కారం కూడా చేసింది. మార్చిలో, ట్రంప్ సుంకాల కోసం పెట్టిన ఎమర్జెన్సీ మీద ఇలాంటి తీర్మానాలు తమ దగ్గర ఓటుకు రాకుండా, ఆ సమావేశాల కాలంలో మిగిలిన రోజులు చట్టం లెక్కకు రోజులే కావని ఒక నియమం ఆమోదించుకుంది. పదిహేను రోజుల గడువు నడవాలంటే రోజు గడవాలి కదా. రోజునే లేకుండా చేశారు. సూర్యుడు ఇంధనం కాదన్న రాజ్యంలో సూర్యోదయం రోజు కాకపోవడంలో వింతేముంది!

ఓటు ఓడాక పనులు వేగం అందుకున్నాయి. ఏప్రిల్ 23న ప్రభుత్వ భూముల్ని చూసే ఇంటీరియర్ శాఖ పర్యావరణ పరిశీలనలకు కొత్త గడువులు పెట్టింది. ఏడాది దాకా పట్టేది 14 రోజుల్లో, రెండేళ్లు పట్టేది 28 రోజుల్లో పూర్తి కావాలి. మే 9న పదిహేను రాష్ట్రాలు సియాటిల్‌లోని ఫెడరల్ కోర్టుకు వెళ్లాయి. మే 23న యూటాలో వెల్వెట్–వుడ్ యురేనియం గనికి పదకొండు రోజుల పరిశీలనతో అనుమతి వచ్చింది.

అదే రోజు మిచిగన్ సరస్సు ఒడ్డున ఇంకో సంగతి జరిగింది. జె.హెచ్. క్యాంప్‌బెల్ బొగ్గు విద్యుత్ కేంద్రం 1962 నుంచి మండుతోంది. మే 31న దాన్ని ఆర్పేయాలని యాజమాన్యమే నిర్ణయించుకుంది, రాష్ట్రం సరేనంది. ఎనిమిది రోజుల ముందు ఇంధన శాఖ నుంచి ఉత్తర్వు దిగింది: ఆపడానికి వీల్లేదు, మరో తొంభై రోజులు నడపాలి. ఉత్తర్వుకు ఆధారం 1935 నాటి విద్యుత్ చట్టంలోని ఒక సెక్షన్. తుపానులప్పుడూ వడగాడ్పులప్పుడూ నాలుగు రోజులకు వాడుకునేది. జూన్ నెలాఖరుకే అదనపు ఖర్చు 2 కోట్ల 90 లక్షల డాలర్లయిందని కంపెనీ లెక్క చెప్పింది. ఆగస్టులో ఆ తొంభై రోజులు తీరబోతుంటే ఇంకో తొంభై ఇచ్చారు.

1977లో స్వెటర్ వేసుకుని కూర్చున్న కార్టర్ చేసిన సంతకానికి ఏప్రిల్ 30 అన్న గడువుందని పైన రాశాను. అదే కార్టర్ 1979 నవంబర్ 14న ఇంకొకటి పెట్టాడు. టెహ్రాన్‌లో అమెరికన్ దౌత్యవేత్తల్ని బందీలుగా పట్టుకున్నప్పుడు ఇరాన్ మీద పెట్టిన ఎమర్జెన్సీ అది. దానికి ఆఖరి తేదీ రాయలేదు. బందీలు 1981 జనవరిలో ఇంటికొచ్చారు. ఆ తర్వాత వచ్చిన ప్రతి అధ్యక్షుడూ ఏటా నవంబర్‌లో దాన్ని పొడిగిస్తూనే వచ్చాడు. 2024 నవంబర్‌లో బైడెన్ మరో ఏడాదికి సంతకం చేశాడు. డిసెంబర్ 29న కార్టర్ నూరేళ్లు నిండి కన్నుమూశాడు. ఎమర్జెన్సీ మిగిలింది.

(సశేషం)